కాంట్రాక్టు ఎవరి పేరు మీద?

"ఎవరి పేరు మీద పెడదాం సార్?"

కొత్తగా కాంట్రాక్టుల్లోకి దిగిన మనిషి నా ఎదురు కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగి, అడిగే మొదటి మాట ఇదే. పన్ను ఎంత పడుతుందని కాదు, ఏ కాగితాలు కావాలని కాదు. నాయన పేరా, తమ్ముడి పేరా, భార్య పేరా, లేకపోతే పెద్ద కాంట్రాక్టరు ఎవరి పేరు కిందైనా సర్దుకుందామా అని. కర్నూలులో ఇరవై ఏళ్లకు పైగా పన్నుల సలహాదారుగా బతికినవాణ్ణి. ఈ ప్రశ్నకు ఎన్ని వందలసార్లు జవాబు చెప్పానో నాకే తెలియదు. ఒక్కసారి మాత్రం ఘోరంగా తప్పు చేశాను. ఆ తప్పు నన్ను బాగుచేసింది కాబట్టి, ఈ వృత్తిలోకి ఇప్పుడిప్పుడే వస్తున్న మీకోసం దాన్ని దాచుకోకుండా రాస్తున్నాను.

సెక్షన్లు మీరు నాకంటే బాగా చదివి ఉంటారు. అవి ఏటేటా మారతాయి కూడా. నేను చెప్పబోయేవి ఏ బడ్జెట్టూ మార్చలేని సంగతులు.

చేతులు చూడమన్న మనిషి

నాకు పని నేర్పింది కడపలో సుబ్రహ్మణ్యం గారు. మాది బట్టల కొట్టు కుటుంబం. కొట్లో కూర్చుని గజాలు కొలవడం ఇష్టం లేక బీకాం చదివి ఆయన దగ్గర చేరాను. ఆయన ఆఫీసంటే ఒక గది, రెండు బీరువాలు, తిరిగితే చప్పుడు చేసే ఫ్యాను. కోపం ఆయనకు ముక్కు మీదే ఉండేది. కాగితం మీద సిరా మరక పడితే ఆ పూట నాకు టీ ఉండదు. అయినా అంత ఓపికగా చెప్పేవాణ్ణి మళ్లీ నేను చూడలేదు.

చేరిన మొదటి వారంలోనే ఒక రిటర్ను ఫారం నా ముందు పెట్టారు.

"ఈ గడి చూసినావా? ఈడ స్టేటస్ అని ఉండాది. ఏం రాస్తావు?"

"వ్యక్తి అయితే వ్యక్తి, ఉమ్మడి కుటుంబమైతే కుటుంబం, భాగస్తులైతే సంస్థ అని రాస్తా సార్" అన్నాను, పరీక్షలో అప్పజెప్పినట్టు.

"అది పుస్తకం మాట. రాసే ముందు ఎదురుగా కూర్చున్న మనిషి చేతులు చూడప్పా. పని చేసే చేయి ఎవరిదో కనుక్కో. వాళ్ల పేరే రాయి. కడమదంతా ఆ తర్వాత."

అప్పుడది నాకు ముసలాయన చాదస్తం అనిపించింది. తర్వాత చాలా ఏళ్లు ఆ మాట పట్టుకునే నెగ్గుకొచ్చాను. పది చేతులు చూస్తే ఎవరు వ్యాపారం చేస్తున్నారో, ఎవరు చేస్తున్నట్టు నటిస్తున్నారో తెలిసిపోతుంది. ఆయన పోయాక కర్నూలు వచ్చేశాను. ఊరిని ఆనుకున్న కల్లూరులో ఆఫీసు పెట్టాను. షేర్ ఆటో దిగితే పది అడుగులు. పని పెరిగింది. పని పెరిగినప్పుడు మనలో ముందుగా పోయేది ఎదుటి మనిషిని చూసే తీరిక. అది పోయిందని మనకు తెలియదు కూడా.

పేరు కింద పని

రెండువేల సంవత్సరం దాటాక మా వైపు కట్టుబడి పనులు ఊపందుకున్నాయి. కల్లూరు చుట్టూ కొత్త ఇళ్లు, పల్లెల్లో బడి గదులు, ఆస్పత్రి వరండాలు. అంతవరకూ మేస్త్రీలుగా ఉన్నవాళ్లు కాంట్రాక్టర్లు కావాలనుకున్నారు. అయితే ప్రభుత్వ పని చేయాలంటే కాంట్రాక్టరుగా రిజిస్ట్రేషను ఉండాలి. అది తరగతుల వారీగా ఇస్తారు. కింది తరగతి నుంచి పైకి పోవాలంటే ఇంతకుముందు ఇన్ని పనులు చేశానని కాగితం చూపాలి.

అది లేనివాళ్లు ఏం చేసేవాళ్లంటే, రిజిస్ట్రేషను ఉన్న పెద్ద కాంట్రాక్టరు పేరు మీద పని తీసుకుని తాము చేసేవాళ్లు. దీన్ని మావాళ్లు 'పేరు కింద పని' అంటారు. ఒప్పందం ఆయన పేరున ఉంటుంది, బిల్లు ఆయన పేరున వస్తుంది, బిల్లులో కోసుకునే పన్ను ఆయన ఖాతాకే పోతుంది. ఆయన తన వాటా ఉంచుకుని మిగతాది ఇస్తాడు. సుఖమైన ఏర్పాటే. ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు, రిటర్నులు వేయక్కర్లేదు, నాలాంటివాడి ముఖం చూడక్కర్లేదు. కానీ పదేళ్లు చేసినా ఆ పని నువ్వు చేశావని చెప్పే కాగితం ముక్క ఒక్కటి ఉండదు.

ఓబులేసు అలా పనిచేసినవాడే. డోన్ దగ్గరి పల్లె వాడు. నాపరాతి బండలు పరిచే మేస్త్రి. శివారెడ్డి అనే పెద్ద కాంట్రాక్టరు పేరు కింద ఆరేళ్లు చేశాడు. శివారెడ్డి చెడ్డవాడని నేననను. మాటంటే మాటే, ఇస్తానన్నది ఎప్పుడూ ఎగ్గొట్టలేదు. అయినా ఒకరోజు ఓబులేసు నా దగ్గరకు వచ్చి, ఇక సొంతంగా చేస్తానన్నాడు.

"ఏమప్పా, బాగానే జరుగుతాంది కదా. ఇప్పుడేమొచ్చె?" అన్నాను.

"మొన్న బడి గదులు తెరిచిరి సార్. ప్రారంభోత్సవం పలక మీద కాంట్రాక్టరు శివారెడ్డి అని చెక్కినారు. ఆ పలకను గోడకు పెట్టింది నేనే" అన్నాడు. అంటూ నవ్వాడు గానీ, ఆ నవ్వులో ఉక్రోషం నాకు కనిపించింది.

పేరు బలం

వారం తర్వాత మళ్లీ వచ్చాడు. ఈసారి వెంట భార్య సుంకులమ్మ ఉంది. ఆమె వాకిలి పక్కనున్న బల్ల మీద కూర్చుంది.

"సార్, రిజిస్ట్రేషను ఈమె పేరు మీద పెట్టండి" అన్నాడు.

"ఏంటికప్పా? పని చేసేది నువ్వు కదా?"

"పేర్లు చూసే స్వామి తావకు పోయింటి సార్. ఓబులేసు అనే పేరుకు రాయితో పొత్తు కుదరదంట. సుంకులమ్మ పేరుకు శానా బలముండాదంట."

"మరి ఇన్నేండ్లు రాయి నిన్నెట్ల ముట్టుకోనిచ్చిందప్పా?" అని నేను ఎగతాళి చేశాను. ఓబులేసు నవ్వాడు. బల్ల మీద ఆమె మాత్రం నవ్వలేదు. 

మా వైపు ఇది కొత్తేం కాదు. బోరు వేయాలన్నా, లారీ కొనాలన్నా, కొట్టు తెరవాలన్నా ఇంట్లో ఎవరి పేరుకు బలముందో చూసి వాళ్ల పేరున పెడతారు. దాని వెనక దొంగతనం ఉండదు, నమ్మకం ఉంటుంది. చట్టానికి మాత్రం నమ్మకంతో పనిలేదు. భర్త పెట్టుబడితో, భర్త పనితనంతో నడిచే వ్యాపారాన్ని భార్య పేరున చూపిస్తే, ఆ ఆదాయం భర్తదే అంటుంది. కాబట్టి నేను ఆరోజు అడగాల్సినవి రెండే ప్రశ్నలు. పెట్టుబడి ఎవరిది, పని ఎవరికి వచ్చు. ఓబులేసును అడిగితే "బండలు కోసే మిషను ఇంట్లోదే సార్" అన్నాడు. ఇల్లంటే ఎవరు అని నేను అడగలేదు. ఆమెను అసలే అడగలేదు. ఆమె చేతుల వైపు చూడలేదు.

ఆ తర్వాత నాలుగేళ్లు ఏడాదికోసారి ఇద్దరూ వచ్చేవాళ్లు. చిన్న కాంట్రాక్టర్లకు అప్పట్లో ఒక వెసులుబాటు ఉండేది. బిల్లుల మీద నూటికి ఎనిమిది లాభమని ఒప్పుకుంటే పుస్తకాలు అడిగేవాళ్లు కాదు. కాబట్టి పని తేలిక. నేను ఫారాలు పరిచి, సంతకం చేయాల్సిన చోటల్లా పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టేవాణ్ణి.

"ఈడమ్మా. ఈడ. మల్ల ఈడ."

ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సుం, కు, ల, మ్మ అని రాసేది. నాకేమో బయట ఇంకో నలుగురు కూర్చుని ఉండేవాళ్లు. కాలు ఆడిస్తూ చూసేవాణ్ణి.

రెండో ఏడు ఓబులేసు నడుముకు బెల్టు కట్టుకుని వచ్చాడు. "నడుము పట్టింది సార్" అన్నాడు. "ఎండలో తిరగొద్దప్పా" అన్నాను. అంతటితో ఆ సంగతి వదిలేశాను.

నేను రాసిన ఒక్క వాక్యం

నాలుగో ఏడు ఆదాయపు పన్ను ఆఫీసు నుంచి సుంకులమ్మకు ఉత్తరం వచ్చింది. స్వయంగా వచ్చి వ్యాపార వివరాలు చెప్పాలని అందులో ఉంది. భయపడాల్సిందేమీ లేదు. వందమందిలో ఒకరిద్దరికి అలా వస్తుంది.

మాలో ఒక మర్యాద ఉంది. ఆడవాళ్లను ఆఫీసు మెట్లు ఎక్కించకూడదని. కొట్ల యజమానులైనా, రైతు కుటుంబాలైనా, మేస్త్రీలైనా అందరిదీ ఒకటే మాట. "ఆడమనిషిని యాడ తిప్పేది సార్, మీరే ఏదో ఒకటి రాయండి" అంటారు. నేనూ ఆ మర్యాద తెలిసినవాణ్ణే. ఉత్తరం చూడగానే, ఓబులేసుకు ఫోనైనా చేయకుండా, అలవాటైన జవాబు రాసి పంపించాను. "శ్రీమతి సుంకులమ్మ గృహిణి. వ్యాపార వ్యవహారాలన్నీ ఆమె భర్తే చూసుకుంటారు. కాబట్టి ఆమె హాజరును మినహాయించవలసిందిగా కోరుతున్నాము."

ఇలాంటి వాక్యం అంతకుముందు చాలామంది కోసం రాశాను. ఎవరూ పట్టించుకోలేదు. ఈసారి కొత్తగా వచ్చిన అధికారి దాన్ని చదివాడు. కోస్తా వైపు మనిషి. నన్ను పిలిపించి, చాలా మర్యాదగా, కుర్చీ చూపించి మరీ అడిగాడు.

"వ్యాపారం భర్తదేనని మీరే రాశారు కదండీ. మరి ఆదాయం ఆవిడ చేతిలో చూపించారెందుకు? నాలుగేళ్లదీ ఆయనకు మార్చాలి కదా."

ఆమెను కాపాడదామనుకుని, ఆమె వ్యాపారం ఆమెది కాదని నేనే సాక్ష్యం రాసిచ్చాను. తాను తీసిన గోతిలో తానే పడ్డమంటే ఇదే. కాకపోతే నేను తీసిన గోతిలో పడింది ఆమె.

మీరు ఈ వృత్తిలో ఉంటారు కాబట్టి ఆ మాటకు అర్థమేమిటో విడమరిచి చెప్తాను. ఓబులేసు నాలుగేళ్లుగా రిటర్ను వేయనివాడు అవుతాడు. పన్ను, దాని మీద జరిమానా పడతాయి. అదైనా ఎలాగో తట్టుకోవచ్చు. సుంకులమ్మ అప్పటికే పై తరగతి రిజిస్ట్రేషనుకు దరఖాస్తు పెట్టి ఉంది. ఆ నాలుగేళ్లలో చేసిన పనులే దానికి ఆధారం. ఒక ఆఫీసు ఆమెను ఉత్త పేరు మాత్రమేనని తేల్చేస్తే, ఇంకో ఆఫీసు ఆమెను కాంట్రాక్టరని ఎలా ఒప్పుకుంటుంది? నాలుగేళ్ల పని గాలికి పోతుంది.

నేను దగ్గరి దారి వెతికాను. ఓబులేసుకు ఫోన్ చేసి, జరిగింది చెప్పి, జరిమానా కట్టేసి మళ్లీ కొన్నాళ్లు శివారెడ్డి పేరు కింద చేసుకోండి, గొడవ సద్దుమణుగుతుంది అన్నాను. శివారెడ్డి కూడా పెద్ద మనసుతో "రమ్మనండప్పా, నా పేరు యాడికి పోతాది" అన్నాడు. ఇంట్లో అడిగి చెప్తానని ఓబులేసు ఫోను పెట్టేశాడు.

నా కుర్చీ కింద

మరునాడు పొద్దున సుంకులమ్మ ఒక్కతే వచ్చింది. బల్ల మీద కాదు, నా ఎదురు కుర్చీలో కూర్చుంది.

"నేను ఇంట్లో వంట చేసుకునేదాన్నని రాసినారంట సార్."

"అట్ల రాస్తే నిన్ను పిలవరని రాసినా తల్లీ. ఆఫీసుల సుట్టూ తిప్పేదేంటికని."

"మూడేండ్లాయ సార్, ఆయన నడుము పడిపోయి. వంగలేడు, బరువెత్తలేడు. బడి గదులు, ఆస్పత్రి వరండా, అన్నీ నేనే నిలబడి పరిపిచ్చినా. కూలోళ్లను పిలిచేది నేను. రాయి ఏరేది నేను. ఇంజనీరు సారు కొలతకొస్తే టేపు రెండో కొస పట్టేది నేను."

"ఓబులేసు నాకెప్పుడూ చెప్పలేదే?"

"మగోడు కదా సార్, సిగ్గుపడె. మీరు ఆయన్ను అడగలేదు. నన్ను అడిగింటే చెప్పిందును."

ఆమె గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అడగడమే నా వృత్తి, అడిగినందుకే నాకు ఫీజు. అయినా నాలుగేళ్లలో ఈమెను ఒక్క మాట అడగలేదు.

ఇంతలో ఆమె వంగి, నా కుర్చీ కాలి పక్కనున్న బండను వేళ్ల మెటికలతో రెండుసార్లు కొట్టింది. పక్క బండనూ కొట్టింది. చప్పుడులో తేడా నాకే తెలిసింది.

"ఈ బండ డొల్లగా ఉండాది సార్. నేను మొట్టమొదట వచ్చిన దినమే విన్నా. మీరు కుర్చీ జరిపినప్పుడల్లా పలుకుతాది. అడుగున సిమెంటు మాలు సరిగ్గా పడలేదు, ఉత్త ఇసుకే ఉంటాది. ఎప్పుడో ఒకనాడు పగిలి మీరు పడతారు. నాలుగేండ్ల నుంచి చెప్దామనే అనుకుంటాండా. మీరేమో ఈడ, ఈడ, ఈడ అని తొందర పెడ్తాంటిరి."

అప్పుడు చూశాను ఆమె చేతులు. వేళ్ల కొసలు అరిగి నున్నగా ఉన్నాయి. గోళ్ల పక్కన గీతల్లో బూడిదరంగు రాతిపొడి, ఎన్నిసార్లు కడిగినా పోనిది. ఎడమ బొటనవేలి మీద పాత కోత మచ్చ. నాలుగేళ్లు ఆ చేతికి నేనే పెన్ను అందించాను. సుబ్రహ్మణ్యం గారు బతికి ఉంటే ఆరోజు నాకు టీ కాదు, మంచినీళ్లు కూడా ఇచ్చేవారు కాదు.

"రెడ్డి పేరు కిందికి మల్ల పోము సార్" అంది ఆమె. "ఆ పలకలన్నీ మా ఆయన చేత్తోనే పెట్టించుకున్యారు. ఈ పేరుకు బలముండాదో లేదో నాకు తెల్దు. నాలుగేండ్లు దీన్ని నేను మోసినా. నన్ను పిలిచినారు కదా, నేనే వస్తా. ఆ సారుకు నేనే చెప్పుకుంటా."

టైపిస్టు మోసే పాపాలు

ఆమె వస్తానంది సరే, నా ఉత్తరం మాటేమిటి? తోటి సలహాదారులు ఇద్దరు మంచి ఉపాయం చెప్పారు. టైపిస్టు పొరపాటని చెప్పెయ్ అన్నారు. మా వృత్తిలో టైపిస్టులు మోసినన్ని పాపాలు గంగమ్మ కూడా మోసి ఉండదు. తప్పు నాదేనని రాసిచ్చావంటే రేపటినుంచి ఆ ఆఫీసులో నీ మాట ఎవరు నమ్ముతారు అని కూడా అన్నారు. వాళ్ల మాటలో నిజం ఉంది. మా తిండి అంతా మాట మీదే.

రెండు రోజులు ఊగిసలాడాను. చివరికి తెల్లకాగితం తీసుకుని నా చేత్తోనే రాశాను. ఆ వాక్యం నాదేనని, ఆమెను గానీ ఆమె భర్తను గానీ అడగకుండా రాశానని, అది నిజం కాదని. కడపా కర్నూలూ కలిపి నా ముప్పై ఏళ్లకు పైబడిన పనిలో అంత చిన్న కాగితం అంత కష్టంగా ఎప్పుడూ రాయలేదు.

సుంకులమ్మను వెంటబెట్టుకుని పోయి దాన్ని ఇచ్చాను. అధికారి చదివి పక్కన పెట్టాడు. నన్ను మధ్యలో మాట్లాడవద్దన్నాడు. సుంకులమ్మ వైపు తిరిగాడు.

"మీ వారు చెబితే మీరు చేస్తారా అమ్మా?"

"మా నాయనకు బేతంచెర్లలో బండలు కోసే షెడ్డుండె సార్. నేను నడక నేర్చిందే ఆ షెడ్లో. నాయనకు చూపు తగ్గి షెడ్డు మూసేసినప్పుడు మిషను నాకిచ్చినాడు. బండ పరిచేది మా ఆయన తావ నేర్చుకున్యా. రాయిని చూసేది మాత్రం ఆయన నా తావ నేర్చుకున్యాడు."

'మిషను ఇంట్లోదే' అంటే ఇదన్నమాట. పెట్టుబడి ఆమెదేనని చెప్పే మాట నాలుగేళ్లు నా ఎదురుగా బల్ల మీద కూర్చుని ఉంది.

"మీ నాన్నగారు వచ్చి ఆ మాట చెప్పగలరా?"

"చూపే లేదు సార్, నోరు బాగుండాది. వస్తాడు."

అధికారి నవ్వు ఆపుకున్నాడు. "సరే, ఒక బడి గదికి బండలు పరచాలి. మొదట ఏం చేస్తారు?"

"తాడు పట్టి మూలలు చూస్తా సార్. గోడలు కట్టినోళ్లు గది నలుచదరం అంటారు. ఏ గదీ ఉండదు. మల్ల వాటం చూసుకోవల్ల. నేల వాకిలి పక్కకు రవ్వంత వాలుండల్ల. లేకుంటే కడిగిన నీళ్లు పిల్లోళ్లు కూర్చునే తావే నిలబడతాయి. పగుళ్లున్న రాయి గోడ వారకు, గట్టి రాయి నడవా మధ్యకు."

చెబుతూనే గుడ్డ సంచిలోంచి ఒక నోటు పుస్తకం తీసి ఇచ్చింది. అందులో ఒక్కో పేజీలో ఒక్కో గది గీసి ఉంది. ఏ రాయి ఎక్కడ పడాలో వరుసగా అంకెలు వేసి ఉన్నాయి. కూడబలుక్కుని రాసిన ఆ అక్షరాలు నాకు బాగా తెలుసు. అధికారి చాలాసేపు పేజీలు తిప్పాడు. తర్వాత నా వైపు చూశాడు.

"ఈ పుస్తకం మీరెప్పుడైనా చూశారా?"

"లేదు సార్. ఈరోజే చూస్తున్నా" అన్నాను.

ఆ వారంలోనే ఆమె తండ్రి మనవరాలి చేయి పట్టుకుని వచ్చి వాంగ్మూలం ఇచ్చాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు ఉత్తర్వు వచ్చింది. వ్యాపారం సుంకులమ్మదేనని, ఆమె వేసిన రిటర్నులు సరైనవేనని. నేను ఆ కాగితం ఆఫీసులో నిలబడే చదివాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ అధికారికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. నా అలవాటు వాక్యాన్ని చూసీ చూడనట్టు వదిలేయకుండా చదివినందుకు, ఆ పైన నా క్షమాపణను కూడా అంతే శ్రద్ధగా చదివినందుకు.

నా మాట ఎవరూ నమ్మరన్నారు కదా. ఆ తర్వాత ఆ ఆఫీసుకు నా ఉత్తరం వెళ్తే, "ఆయన రాశాడంటే నిజమే అయ్యుంటుంది" అనే మాట వినిపించేది. ఇది నేను ఊహించలేదు.

ఇక నా తీర్పు

పేరు కింద పని చేయవచ్చా అని కొత్త కాంట్రాక్టరు అడిగితే, వద్దని కొట్టిపారేయకండి. చేతిలో ఏమీ లేనివాడికి ఒకటి రెండు పనులు పెద్దవాడి నీడలో చేయడం తప్పు కాదు. కాకపోతే సబ్ కాంట్రాక్టు అని కాగితం రాయించుకోమనండి. కోసిన పన్ను అతని పాన్ నంబరు మీద పడేలా చూడండి. ఆ కాగితం రాయనన్న పెద్దాయన ఎంత మంచివాడైనా సరే, అక్కడినుంచి లేచి రమ్మనండి. రెండేళ్లు దాటితే నీడ కాదు, చీకటి.

ఇంట్లోవాళ్ల పేరున పెడతామంటే నవ్వకండి. నేను నవ్వాను, చూశారుగా. పేరు బలం చూసిన స్వామి పొరపాటున నిజం చెప్పాడు. కాబట్టి ఎవరి పేరు పెడుతున్నారో ఆ మనిషిని ఎదురు కుర్చీలో కూర్చోబెట్టండి. మిగతావాళ్లను కాసేపు బయట టీ తాగి రమ్మనండి. పెట్టుబడి ఎవరిది, పని ఎవరికి వచ్చు అని ఆ మనిషినే అడగండి. జవాబు రాకపోతే ఆ పేరు మీద పెట్టకండి. వస్తే, ఎవరు కాదన్నా ఆ పేరే పెట్టండి. మర్యాద పేరుతో ఒక మనిషి పనిని కాగితం మీద కొట్టివేసే హక్కు మనకు లేదు.

సుంకులమ్మకు పై తరగతి రిజిస్ట్రేషను వచ్చింది. ఆమె చేసిన మొదటి పెద్ద పని ఒక బడి. ప్రారంభోత్సవం పలక మీద కాంట్రాక్టరు సుంకులమ్మ అని చెక్కారు. దాన్ని గోడకు పెట్టింది ఓబులేసే. నడుము బెల్టు బిగించుకుని, కుర్చీలో కూర్చుని, ఇద్దరు పలక పట్టుకుంటే మాలు తానే మెత్తాడట. ఆ సంగతి నాకు చెప్పినప్పుడు అతను నవ్విన నవ్వులో ఉక్రోషం లేదు. పేరు కింద పనిచేసే రోజుల్లో ఆ మనిషి నవ్వు అంత తేలిగ్గా ఉండగా నేను చూడలేదు.

చివరగా ఒక సంగతి. ఇది ఆ ఉత్తర్వు వచ్చిన మరునాటిది.

పొద్దున్నే ఆఫీసు తలుపు తీసేసరికి సుంకులమ్మ పనిముట్లతో వాకిట్లో ఉంది. నేను లోపలికి పోయి కూర్చున్నానో లేదో, "లెయ్యండి సార్" అని నన్ను కుర్చీలోంచి లేపి, కుర్చీ పక్కకు జరిపింది. బండ కింద గునపం మొన పెట్టి ఎత్తితే, ఆమె చెప్పినట్టే అడుగున ఉత్త ఇసుక. అంతా తోడేసి, మాలు కలిపి, బండ దించి, చేత్తో తట్టి చూసింది. మూడు రోజులు దాని మీద కుర్చీ వేయవద్దంది. ఆ మూడు రోజులూ నేను వాకిలి పక్కన ఆమె బల్ల మీదే కూర్చుని పని చేశాను. అక్కడినుంచి చూస్తే నా కుర్చీ చాలా దూరంగా కనిపిస్తుంది. అంతవరకూ నాకు ఆ సంగతి తెలియదు.

ఎంతివ్వాలి తల్లీ అంటే, "బిల్లు రాస్తా సార్" అంది. నా బల్ల మీది కాగితం తీసుకుని, ఒక బండ ఎత్తి పరిచినందుకు అని పద్ధతిగా రాసింది. నా చేయి అలవాటు కొద్దీ పెన్సిలు తీసి, సంతకం చోట గుర్తు పెట్టబోయింది.

ఆమె కాగితం తన వైపు జరుపుకుంది.

"అక్కర్లేదు సార్. యాడ పెట్టల్లో నాకు తెలుసు."